సీటు గొట్టంలో తీగ

తాత సైకిలును నేను విప్పదీయడం మొదలుపెట్టిన మూడో రోజు పొద్దున, మేమందరం చచ్చిపోయే అవకాశం ఉందని నాకు తెలిసింది. అప్పటికి నేనింకా టీ కూడా తాగలేదు.

నేను మెకానికల్ ఇంజనీరింగ్ చదివాను. అంటే పానా బొమ్మ గీయగలను. ఖమ్మంలో బండ్ల షోరూములో ఇన్సూరెన్సు కాగితాలు చూసే ఉద్యోగం. ప్రమాదాలన్నీ నాకు ఫొటోల్లోనే పరిచయం. అలాంటివాణ్ని వారం రోజులు సెలవు పెట్టి, చండ్రుగొండ దాటాక రోడ్డు అడవిలోకి మళ్లే చోట ఉన్న నానమ్మ వాళ్లింటికి వచ్చి, చేతికి గ్రీజు పూసుకున్నానంటే కారణం తాత కాలు.

తాత బొగ్గు గనిలో షాట్‌ఫైరరుగా చేసి రిటైరయ్యాడు. బొగ్గు గోడకు తొలిచిన రంధ్రాల్లో మందు కూరి, దాన్ని అంటించే డిటోనేటరు పెట్టి, దూరందాకా తీగ పరిచి కరెంటుతో పేల్చే పని. అన్నేళ్లు భూమి కింద పేలుళ్ల మధ్య గడిపి ఒక్క గీత పడకుండా బయటికొచ్చిన మనిషి, పోయిన ఏడు పెరట్లో దంతధావనం చేస్తూ పక్షవాతంతో పడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ ఒక్కసారే పోయాయి. మాటల్లో ఒక్కటి మిగిలింది. "అవ్."

"అన్నం తింటవా?" అంటే అవ్. "తినవా?" అన్నా అవ్. నానమ్మ మొదటి నెల ఏడ్చింది. రెండో నెలనుంచి, "పెండ్లయినకాడి నుంచి నా మాటకు అడ్డం చెప్పనిది ఇప్పుడే" అని పక్కింటివాళ్లతో చెప్పుకోవడం మొదలుపెట్టింది.

కాలు ఆడించకపోతే బిగుసుకుపోతుందనీ, సైకిలు తొక్కినట్టు తొక్కించాలనీ వారానికి రెండుసార్లు వచ్చే ఫిజియో చెప్పాడు. తాత అతన్ని చూడగానే కళ్లు మూసుకుని నిద్ర నటించేవాడు. నేను ఆన్‌లైన్లో పెడళ్ల మిషనొకటి తెప్పించాను. తాత దాన్ని ఎవరో తెలియని చుట్టాన్ని చూసినట్టు చూసి తల తిప్పుకున్నాడు. నానమ్మ దానిమీద చేట పెట్టి వడియాలు ఆరబోసింది. ఆమె దృష్టిలో అది మంచి వస్తువే.

కానీ తాత కుర్చీలో కూర్చున్నప్పుడల్లా చూపు ఒకే చోటికి పోయేది. రేకుల పందిరి మూలకు. అక్కడ జామాయిల్ కట్టెల వెనక ఆయన సైకిలు ఉంది. ఎత్తుగా, నల్లగా, రెండు టైర్లూ నేలకంటుకుపోయి. నాన్నను బడికి తీసుకెళ్లింది, నానమ్మను పురిటికి తీసుకెళ్లింది, తాతను షిఫ్టుకు తీసుకెళ్లింది ఆ సైకిలే. దాన్ని బాగుచేసి, వెనక చక్రం గాల్లో ఉండేట్టు స్టాండు మీద ఎక్కిస్తే తాత తొక్కుతాడని నాకు తోచింది. నాకు అప్పుడప్పుడు ఇలాంటివి తోస్తుంటాయి.

ఆ సైకిలుకు ఒంటినిండా తీగ. బొగ్గు గనుల ఊళ్లలో పెరిగినవాళ్లకు ఈ తీగ గురించి చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెప్తాను. డిటోనేటరుకు సన్నటి రంగురంగుల తీగలుంటాయి. పేలాక బొగ్గుతో పాటు ఆ తీగ ముక్కలు కింద పడతాయి. వాటిని ఇంటికి తెచ్చుకునేవాళ్లు. దానితో బుట్టలల్లేవాళ్లు, మంచాలు బిగించేవాళ్లు, బట్టలారేసుకునేవాళ్లు, పిల్లల చెప్పులు తెగితే కుట్టేవాళ్లు. మా నాన్న చిన్నప్పటి లాగుకు బొందు కూడా అదేనట. తాత తన సైకిలు ఫ్రేముకు ఎరుపు, పసుపు, నీలం తీగ ఎక్కడా సందు లేకుండా చుట్టాడు. తుప్పు పట్టకుండా ఉండటానికట. పామును నిటారుగా నిలబెట్టి చొక్కా తొడిగినట్టుండేది.

మొదటి రోజు చక్రాలు, చైను, హ్యాండిలు, పెడళ్లు ఊడదీశాను. తాత పందిరి కింద కుర్చీలో కూర్చుని నా పని చూశాడు. ఫిజియో వచ్చాడు, పోయాడు. తాత ఆరోజు కళ్లు మూసుకోలేదు. దాంతో నాకు ఉత్సాహమొచ్చింది. సీటు రాడ్డు మాత్రం రాలేదు. తుప్పుతో గొట్టంలో కరుచుకుపోయింది. రెండో రోజు ఫ్రేమును ఆటోలో చండ్రుగొండ తీసుకెళ్లి సైకిలు షాపాయనకు చూపించాను. ఆయన మంట పెట్టి కాల్చితే వదులవుతుందన్నాడు. కాల్చడానికి గ్యాసు మంట వెలిగించాడు. అది రెండుసార్లు ఉఫ్ ఉఫ్ అని ఆరిపోయింది.

"గ్యాస్ అయిపోయింది తమ్మీ. రేపు రా."

రేపటిదాకా ఆగే ఓపిక నాకు లేదు. ఇంటికి తెచ్చి సందులో కిరసనాయిలు పోసి, సుత్తె తీసుకుని కొట్టాను. సాయంత్రమంతా కొట్టాను. పొద్దున లేచి మళ్లీ కొట్టాను. తొమ్మిదిన్నరకు సీటు రాడ్డు కిర్రుమంటూ పైకొచ్చింది.

దాని అడుగున గుడ్డముక్క ఉండచుట్టి కూరి ఉంది. గుడ్డ తీస్తే లోపల రెండు తీగలు. ఒకటి ఎరుపు, ఒకటి తెలుపు. రెండింటి కొసలూ గీరి, లోపలి రాగి బయటికి తీసి, ఒకదానికొకటి మెలిపెట్టి ఉన్నాయి. పట్టుకుని లాగాను. రెండు వేళ్ల మేర వచ్చి ఆగిపోయింది. కింద ఏదో తట్టుకుంది.

తాత రోజూ ఆ టైముకు పేపరు వినడానికి ఎదురుచూస్తాడు. చదివి వినిపించేది గనిలో తాతతో పనిచేసిన ఆయన స్నేహితుడు. అప్పట్లో సర్దారుగా ఉండేవాడు, అంటే గనిలో ఒక భాగంలో జరిగే పనంతటికీ పెద్ద. రిటైరై ఇన్నేళ్లయినా ఊరంతటికీ సర్దారే. నాకు సర్దార్ తాత. ఆయన పేపరు చంకలో పెట్టుకుని గేటు తీసుకుని లోపలికొచ్చాడు.

"ఏం దొరికిందిరా పిలగా?"

"తాత నానమ్మకు తెల్వకుండ దాసిన చుట్టలనుకుంట. తీగ కట్టి లోపటికి దింపిండు. పెద్ద ప్లానే."

సర్దార్ తాత నవ్వుతూ వంగాడు. కళ్లజోడు సర్దుకున్నాడు. ఆ నవ్వు ముఖంమీద అలాగే ఉండిపోయింది, లోపలి మనిషి మాత్రం వెళ్లిపోయాడు.

"చెయ్యి తియ్."

"ఏందీ?"

"లాగకు. లోపటికి తొయ్యకు. చెయ్యి ఒక్కటి తీసి, మెల్లగ ఎనకకు రా."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. చెయ్యి తీశాను. నా వేళ్లు నావి కానట్టు, ఎవరో అప్పటిదాకా పట్టుకొమ్మని ఇచ్చినట్టు అనిపించాయి. వెనక్కి నడిచాను. నడుస్తుంటే పానా కాలికి తగిలి ఖణేల్‌మంది. ఇద్దరం కళ్లు మూసుకున్నాం. ఏమీ కాలేదు. తెరిచాం.

"గది ఉత్త తీగనే కద తాతా? సైకిలంత ఉన్నదే గద?"

"కొసలు సూసినవా? మెలేసి ఉన్నయి. కాలిపోయిన తీగకు కొసలు ఎవ్వడు మెలెయ్యడు బిడ్డా. పేలకుండ బతికున్న డిటోనేటరుకే ఏస్తం. యాడనన్న దారిన పోయే కరెంటు అండ్ల దూరకుండ. మీ తాత చేతి మెలిక నేను చీకట్ల గూడ గుర్తువడ్త."



"సుత్తెతోని కొట్టినవా?" అన్నాడాయన.

"కొంచెం."

"కొంచెమంటే?"

"నిన్న సాయంత్రం నుంచి."

ఆయన అరుగుమీద కూర్చుండిపోయాడు. షాపులో ఆరిపోయిన మంట గురించి ఆయనకు చెప్పలేదు. ఆ వయసులో ఒక్కరోజుకు అది చాలు. నేను మాత్రం దాని గురించే ఆలోచిస్తున్నాను. నేను ఇప్పుడు నిలబడి ఊపిరి పీలుస్తున్నానంటే కారణం నా తల్లిదండ్రుల పుణ్యం కాదు, దేవుడు కాదు, ఒక సైకిలు షాపాయన సిలిండరు మార్పించకపోవడం.

తాత మాకు పది అడుగుల దూరంలో కుర్చీలో ఉన్నాడు. సర్దార్ తాత ఆయన దగ్గరికి వెళ్లి, మోకాళ్లమీద కూర్చున్నాడు.

"బావా. సీటు గొట్టంల ఏమన్న పెట్టినవా?"

"అవ్."

"ఉత్త తీగనేనా?"

"అవ్."

"బతికున్నదా?"

"అవ్."

"సచ్చిందా?"

"అవ్."

తాత కళ్లలోకి చూశాను. అక్కడ ఏదో ఉంది. ఆయనకు తెలుసు. తెలిసినదంతా ఆ ఒక్క మాట వెనక ఇరుక్కుపోయింది, సీటు రాడ్డు లాగే. దాన్ని వదులు చేయడానికి మాత్రం నా దగ్గర సుత్తె లేదు.

నానమ్మ వంటింట్లోంచి వచ్చింది. సంగతి చెప్తే కొంగు నోట్లో కుక్కుకుని నిలబడిపోయింది. ఆమె భయం మా భయం ఒకటి కాదని కాసేపటికి తెలిసింది.

"ఒకపాలి డిటోనేటరు ఒకటి తక్కువొచ్చిందని మీ తాతను రెండు నెలలు పనిల నుంచి ఆపిండ్రు. పేల్చిన, లెక్క రాసుడు మర్చిపోయిన అని ఇంటికొచ్చి నా నెత్తి మీద చెయ్యిపెట్టి చెప్పిండు. అప్పట్ల శానమంది వాగుల చేపలకు తెచ్చేటోళ్లు. నీళ్లల్ల పేలిస్తే చేపలు తేలుతయని. మీ తాత గసొంటోడు కాదని నేను క్వార్టర్లల్ల అందరితోని కొట్లాడిన." ఫ్రేము వైపు చూసింది. "గిది అదే అయితే?"

సర్దార్ తాత పేపరును మడిచి, మళ్లీ మడిచాడు.

"వాగుల పారేసి రాపో," అంది నాతో.

"చెల్లె, వాగుకాడ మేకలు కాసే పోరగాండ్లుంటరు," అన్నాడు సర్దార్ తాత. "పారేసేటందుకు దాన్ని ముట్టేదెవలు?"

ఇద్దరూ నా వైపు చూశారు. నేను ఇంజనీరును కదా.

నాన్న కూడా గనిలోనే పనిచేస్తాడు. ఫోన్ చేశాను. స్విచాఫ్. మొదటి షిఫ్టు. కిందికి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మూడింటిదాకా ఆయన భూమి లోపల ఉంటాడు, క్షేమంగా. పైన మేమున్నాం. పోలీసులకు చెబుదామా అంటే ముగ్గురం గేటు వైపు చూశాం. అడవి అంచున ఉన్న ఊరు. ఇక్కడ పేలుడు సామాను అనే మాటకు చేపలు, బొగ్గు అని అర్థం చెప్పరు. వేరే అర్థం చెప్తారు. ఒకప్పుడు మా ఊళ్లో రాత్రి అన్నలూ, పోలీసులూ రెండు వైపులవాళ్లూ తలుపు తట్టేవాళ్లనీ, పొద్దున ఎవరికి అన్నం పెట్టారో రెండో వాళ్లు అడిగేవాళ్లనీ నానమ్మ చెప్పేది. ఆ రోజులు పోయాయి. అలవాటైన భయం మాత్రం ఇంట్లోనే ఉంది. పైగా అడిగేది తాతను. తాత చెప్పేది "అవ్".

ఇంటర్నెట్లో వెతుకుదామని ఫోన్ తీశాను. రెండు అక్షరాలు కొట్టి ఆగాను. ఈ ఊరి నుంచి ఆ మాట వెతికినవాడికి జవాబు కంటే ముందు జీపు వస్తుంది. ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

ముందు తాతను అక్కడినుంచి తీసుకుపోవాలి. రెండు చంకల కింద చేతులు వేసి లేపాను. తాత ఎడమ చేత్తో పందిరి గుంజను పట్టేసుకున్నాడు. ఎంత బతిమాలినా వదల్లేదు. ఒక్క చేతికి అంత బలముంటుందని నాకు తెలియదు. ఆయన వేళ్లు ఒక్కొక్కటీ విడదీస్తుంటే, ఆయన ఫ్రేమునే చూస్తున్నాడు. నన్ను ఆ ఫ్రేము దగ్గరికి పోవద్దంటున్నాడా, తనను దాని దగ్గరే వదిలెయ్యమంటున్నాడా? అడిగితే ఏమంటాడో తెలుసు కాబట్టి అడగలేదు. మోసుకెళ్లి రోడ్డవతల అరుగుమీద కూర్చోబెట్టాను.

గేటు దాకా తిరిగొచ్చి చూస్తే పందిట్లో కోడి ఉంది.

నానమ్మ పెంచే పెట్ట. ఎర్రది. అది ఫ్రేము పక్కకు వచ్చి, తల ఒకసారి అటు, ఒకసారి ఇటు వంచి, మెరుస్తున్న రాగి కొసను చూసింది. తర్వాత ముక్కుతో పట్టుకుంది.

జీవితంలో మనిషి ప్రాణం ఎవరెవరి చేతుల్లోనో ఉంటుందంటారు. ముక్కులో కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. నేను గేటు దగ్గర. సర్దార్ తాత రోడ్డవతల అరుగుమీద, తాత పక్కన. నానమ్మ వంటింటి గుమ్మంలో, కోడికి అందరికంటే దగ్గరగా. తోలదామంటే బెదిరి గుంజుతుందేమో. తోలకపోతే తీరిగ్గా గుంజుతుంది. 

కోడి ఒకసారి లాగింది. ఫ్రేము కొంచెం కదిలి చప్పుడైంది.

నానమ్మ గుమ్మంలోనే మెల్లగా కూర్చుంది. బియ్యం డబ్బాలోంచి గుప్పెడు తీసి నేలమీద చల్లింది. సగం తన కాళ్లమీదే పడ్డాయి. "బా... బా... బా..." అంది. రోజూ పిలిచే పిలుపే. గొంతు మాత్రం గుళ్లో మొక్కుకునే గొంతు. కోడి ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. ఆ తర్వాత తీగ వదిలి బియ్యం వైపు నడిచింది. నానమ్మ దాన్ని రెండు చేతులా పట్టుకుని, దాని మెడలో మొహం పెట్టుకుని ఏడ్చింది.

"ఫోన్ చెయ్యి," అంది. "ఏమన్న కానియ్యి. చెయ్యి."

చేశాను.

ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లతో వచ్చాడు. నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడు. గేటు దగ్గరే నిలబడి పందిట్లోకి చూసి, మమ్మల్నందరినీ రోడ్డవతలికి పంపేసి, పైవాళ్లకు ఫోన్ చేశాడు. బాంబులు తీసేవాళ్లు రావడానికి రెండు మూడు గంటలు పడుతుందన్నాడు. ఈలోపు అడగాల్సినవి అడుగుతానన్నాడు. నేను జరిగింది చెప్పాను. సుత్తె దగ్గర ఆయన రాయడం ఆపి నా వైపు ఒకసారి చూసి మళ్లీ రాసుకున్నాడు. సర్దార్ తాత గని సంగతులు చెప్పాడు. అప్పుడు ఎస్సై తాత ముందు కూర్చున్నాడు.

"సార్, ఆయనకు మాటలు రావు," అన్నాను.

"ఒక్క మాటన్నా వస్తది గదా అన్నరు?"

"గా ఒక్క మాటతోనే సార్ మా భయం."

ఆయన వినలేదు. "పెద్దాయనా, ఇది నువ్వే పెట్టినవా?"

"అవ్."

"గనిలకెళ్లి తెచ్చినవా?"

"అవ్."

కలం కదిలింది. కానిస్టేబుళ్లు కొంచెం దగ్గరికి జరిగారు.  నేను జోకు కోసం వెతికాను. కష్టకాలంలో నాకున్న ఆస్తి అదొక్కటే. ఏమీ దొరకలేదు.

"ఎవరికన్న ఇచ్చేటందుకు తెచ్చినవా? అడివిలున్న అన్నలు ఎవరన్న అడిగి..."

తాత నోరు తెరిచాడు. నానమ్మ అరుగుమీంచి ఎలా లేచిందో తెలియదు. ఆమె అరచెయ్యి తాత నోటిమీద పడింది. రెండో చేత్తో ఆయన తలను తన కడుపుకు అదుముకుంది. ఆ చేతి కింద తాత మాట "వ్" అని ఒక గాలిలా బయటికొచ్చింది.

"సారూ," అంది నానమ్మ. "నువ్వు రాజువా అంటే గూడ అవ్ అంటడు. నేను సచ్చిపోయిన్నా అంటే అవ్ అంటడు. అడుగుండ్రి. అడిగి సూడుండ్రి. నేను చెయ్యి తీస్త. గాని గా మాట మాత్రం అడగకుండ్రి. నీ కాళ్లు మొక్కుత."

ఎస్సై కాసేపు ఆమె చేతినే చూశాడు. చెయ్యి తియ్యమన్నట్టు సైగ చేశాడు. ఆమె తీసింది.

"పెద్దాయనా, నేను నీ అల్లుణ్నా?"

"అవ్."

"నేను ఇయ్యాల నీ కోడిని ఎత్తుకపోయిన్నా?"

"అవ్."

కానిస్టేబులొకడు మీసం కింద నవ్వాడు. ఎస్సై నవ్వలేదు. పుస్తకం మూసి, "ఈయన దగ్గర రాసుకుంటే స్టేషన్‌ల ఉన్న పాత కేసులన్నీ ఇయ్యాలనే తేలిపోతయి," అన్నాడు. ఊపిరి పీల్చుకోబోయాను. "గాని గొట్టంల ఉన్నది ఏందో తేలాలె. తేలినంక మాట్లాడుదాం," అన్నాడు. పీల్చిన ఊపిరి అక్కడే ఆగింది.

మూడున్నరకు నాన్న ఫోన్ చేశాడు. చెప్పాను.  "సైకిలు ముట్టుకొమ్మని నీకు చెప్పిందెవలురా?" అన్నాడు. భయపడ్డప్పుడు మా ఇంట్లో అందరం తప్పెవరిదో వెతుకుతాం. బస్సు దొరికితే చీకటి పడేసరికి వస్తానన్నాడు.

బాంబులవాళ్లు నలుగురూ ఒక కుక్కా వచ్చారు. కుక్కను ఫ్రేము దగ్గరికి తీసుకెళ్లారు. అది నేను పోసిన కిరసనాయిలు వాసన చూసి మూడుసార్లు తుమ్మి, వెనక్కొచ్చి జీపు నీడలో పడుకుంది. నాయకుడు నా వైపు చూశాడు. ఆ రోజు నా వైపు అలా చూసినవాళ్లలో ఆయన నాలుగోవాడు.

ఒకతను బరువైన తొడుగు వేసుకుని, గొట్టంలోకి లైటు వేసి చూసి వచ్చాడు.

"లోపట తుప్పువట్టి కరుసుకున్నది సార్. కనవడ్తలేదు. గుంజుడు ఒద్దు."

"అయితే ఉన్నకాడికే పేల్చేద్దాం," అన్నాడు నాయకుడు.

"ఫ్రేమును గూడనా సార్?" అన్నాను.

"ఫ్రేమునే పేల్చేది తమ్మీ."

చక్రాలు, హ్యాండిలు, చైను, పెడళ్లు, సీటు పందిట్లో వరసగా పేర్చి ఉన్నాయి. తుడిచి, నూనె పెట్టి. సైకిల్లో సైకిలు తప్ప అన్నీ మిగలబోతున్నాయి.

సర్దార్ తాత ఒక్క మాట అడిగాడు. "సారూ, పేలిస్తే అండ్లున్నది బతికున్నదా సచ్చిందా తెలుస్తదా?"

"తెల్వదు పెద్దాయనా. మేం పెట్టే మందుతోనే పోతది. ఆ చప్పుట్ల ఏది మాదో ఏది మీదో ఎవలు చెప్పలేరు."

ఎస్సై ఆ మాట విన్నాడు. నానమ్మ కూడా విన్నది. ఆమె భుజాలు కొంచెం దిగడం చూశాను. ఎస్సై తన పుస్తకంలో ఏదో రాసి, తర్వాత ఒక వాక్యం కొట్టేశాడు. అది ఏమిటో నేను అడగలేదు. నాకు వయసుతో పాటు తెలివి కూడా కొంచెం వచ్చింది, ఆ పొద్దుటినుంచే.

పొడవాటి కర్రకు కట్టి ఫ్రేమును ఇంటి వెనక, జామాయిల్ తోట అవతలున్న బీడుకు తీసుకెళ్లారు. గుంట తవ్వి, చుట్టూ ఇసుక సంచులు పెట్టారు. మమ్మల్ని దూరంగా తాడు కట్టి ఆపారు. ఊరు ఊరంతా వచ్చింది. తాతను కుర్చీతో సహా నేనూ ఒక కానిస్టేబులూ మోసుకొచ్చి తాడు వెనక దింపాం. ఇంట్లో ఉంచి వద్దామంటే నానమ్మ ఒప్పుకోలేదు. "ఆయన సైకిలు," అంది.

పొద్దు తోట మీదికి వాలుతోంది. తొడుగు వేసుకున్నతను తీగ వదులుకుంటూ వెనక్కి నడిచొచ్చాడు. జనం మాటలు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. నాయకుడు గుంట వైపు చూసి, మా వైపు చూసి, చెయ్యి పైకెత్తబోయాడు.

"ఫైర్!"

నా పక్కనుంచి. ఎవరో తెలియని గొంతు. లావుగా, బొంగురుగా, గుహలో అరిచినట్టు.

"ఫైర్! ఫైరోయ్... ఎవ్వడు ముందటికి రావొద్దు! జరుగుండ్రోయ్... ఫైర్!"

తాత. మెడ నరాలు ఉబ్బి, ఎడమ చెయ్యి నిటారుగా పైకి లేపి. ఏడాదినుంచి ఒక్క మాటకు మించి రాని నోట్లోంచి. నాయకుడి చెయ్యి గాల్లోనే ఆగింది. ముందు నిలబడ్డ జనం, ఎవరూ చెప్పకుండానే, నాలుగు అడుగులు వెనక్కి వేశారు. సర్దార్ తాత అప్పటికే చెవులు మూసుకుని నేలమీద కూర్చుని ఉన్నాడు. ఆ గొంతు విన్నాక ఏం చెయ్యాలో ఆయన ఒంటికి తెలుసు. నానమ్మ నోరు తెరుచుకుని తాతను చూస్తోంది. ఆయన పనిలో అరిచే అరుపు ఆమె ఎప్పుడూ వినలేదు. భూమి కిందికి ఆడవాళ్లను పోనిచ్చేవాళ్లు కాదు.

 అప్పటిదాకా పడ్డ భయాలన్నీ అటూ ఇటూ పరిగెత్తిన భయాలు. ఇది మాత్రం వచ్చి కూర్చుంది. తాత అంతలా అరిచాడంటే, అందులో ఉన్నది బతికే ఉంది. లేదా ఏ పేలుడు ముందైనా ఆయన అలాగే అరుస్తాడు. ఈ రెండింట్లో ఏదో నాకు ఈ రోజుకూ తెలియదు.

నాయకుడి చెయ్యి దిగింది.

నేల మా కాళ్ల కింద ఒకసారి ఎగిరి కూర్చుంది. చప్పుడు ఒకటే. తోటలోంచి పిట్టలన్నీ ఒక్కసారే లేచాయి. ఇసుక, మట్టి, ఒక చిన్న నీలం రంగు ముక్క గాల్లోకి లేచి, తీరిగ్గా కిందికి వచ్చాయి. పొగ.

జనం ఎవరి పిల్లలను వాళ్లు తడుముకున్నారు. తొడుగతను గుంట వైపు వెళ్లడానికి తాడు దాటబోయాడు. అప్పుడు కుర్చీ కిర్రుమంది. తాత లేస్తున్నాడు. ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, గోళ్లు దిగేట్టు పట్టుకుని, లేచి నిలబడ్డాడు.

"పేలినంక ముందుగల పోయేది షాట్‌ఫైరరే," అన్నాడు సర్దార్ తాత కింద కూర్చునే. "ఆయన సూసి చెప్పేదాంక ఎవ్వడు అడుగు ముందటికి ఎయ్యొద్దు. తోల్కపో బిడ్డా. పడనియ్యకు."

కుడి కాలు నేలను గీస్తూ ముందుకొచ్చింది. ఒక అడుగు. ఎడమది. మళ్లీ కుడిది గీత గీసుకుంటూ. మర్నాడు ఫిజియో వచ్చి అడిగితే తాత కళ్లు మూసుకుని నిద్రపోయాడు, ఆ కాలు వేలెడు కదపలేదు. ఆ సాయంత్రం మాత్రం కదిపాడు. నా బరువంతా ఆయన పడిపోతాడేమోనన్న భయం మీద, ఆయన బరువంతా నా మీద. ముందు పొగ. పొగలో ఇంకా ఏదైనా మిగిలి ఉందేమోనని రెండో భయం. ఎవరైనా అరిచి ఆపితే బాగుండునని చూశాను. ఎస్సై, నాయకుడు తాత కాలినే చూస్తున్నారు. తొడుగతను తాడు దగ్గర ఒక కాలు ఇటూ ఒక కాలు అటూ పెట్టి ఆగిపోయాడు.

తాడు దాకా వచ్చాం. అక్కడ తాత ఆగాడు. నేను ఇంకో అడుగు వేయబోతే, భుజం మీది చెయ్యి తీసి, నా ఛాతీకి అడ్డంగా చాపాడు. చెక్కలా గట్టిగా. ఆయనకు ఆధారం నేనే కదా, చెయ్యి తీసేశాడు కదా, ఇప్పుడు దేనిమీద నిలబడ్డాడో నాకు అర్థం కాలేదు. పట్టుకుందామంటే ఆ చెయ్యి నన్ను కదలనివ్వలేదు. దాని వెనక నా గుండె కొట్టుకోవడం ఆయనకు తెలుస్తూనే ఉండాలి.

తాత ముక్కు ఎగరేసి పొగ వాసన పీల్చాడు. గుంట వైపు చూశాడు. పైకి చూశాడు. అక్కడ రాతి కప్పు లేదు, ఆకాశముంది. అయినా ఒక మూలనుంచి ఇంకో మూలకు మెల్లగా అంతా చూశాడు, పగులు వెతుకుతున్నట్టు. మళ్లీ వాసన పీల్చాడు. 

ఆయన చెయ్యి దించాడు. తొడుగతను తాడు దాటి ముందుకు నడిచాడు.